ముప్పై మూడో రోజు నెగళ్లు: యూదుల లాగ్ బావోమెర్ పండుగ

ఎండలు ముదిరే వేళ ఇజ్రాయెల్‌లో ఏటా ఒక సాయంత్రం ఇళ్ల కిటికీలు ముందుగానే మూతపడతాయి. ఆరవేసిన బట్టలను పొద్దు వాలకముందే లోపలికి తెచ్చుకుంటారు. ఉబ్బసం ఉన్నవారు ఆ రాత్రి బయట తిరగవద్దన్న హెచ్చరికలు వినిపిస్తాయి. సూర్యాస్తమయం కాగానే ఊరి చివర బీళ్లలో, పాఠశాలల మైదానాల్లో, సముద్రతీరంలో, వీధి మలుపుల్లో నెగళ్లు రాజుకుంటాయి. తెల్లవారేసరికి నగరాల మీద పలచని పొగ మేఘంలా పరచుకొని ఉంటుంది. ఆ పండుగ పేరు లాగ్ బావోమెర్.

నెగడు పండుగ నాడు వెలిగినా, పిల్లల పని రెండు మూడు వారాల ముందే మొదలవుతుంది. విరిగిన కుర్చీలు, తలుపు రెక్కలు, పండ్ల పెట్టెలు, ఎండిన కొమ్మలు, కంటికి కనిపించిన కట్టె ఏదైనా సరే పోగవుతుంది. సూపర్ మార్కెట్ల తోపుడు బండ్లు కొన్నాళ్లపాటు కట్టెల బండ్లుగా మారిపోతాయి. నిర్మాణ స్థలాల నుంచి చెక్క పలకలు మాయమయ్యాయన్న ఫిర్యాదు ఏటా ఉండేదే. పోగుచేసిన కట్టెలను మరో వీధి పిల్లలు ఎత్తుకుపోకుండా వంతులవారీగా కాపలా కాస్తారు. భోగి ముందు రోజుల్లో తెలుగు పల్లెల సందడి ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. మంట కాస్త తగ్గాక వెండి రేకులో చుట్టిన బంగాళాదుంపలనూ ఉల్లిగడ్డలనూ నిప్పుల్లో కప్పెడతారు. అవి సగం మాడి, సగం ఉడికి బయటికి వస్తాయి. ఆ మాడు వాసనే చాలామందికి పండుగ జ్ఞాపకం.

ఇంతకీ ఈ మంట ఎందుకు? ఈ ప్రశ్నకు యూదు సంప్రదాయం ఒకే సమాధానం చెప్పదు. ఒక్కో కాలంలో ఒక్కో అర్థం వచ్చి చేరింది. మత గ్రంథం విధించిన పండుగ కాదు కనుకనే అందుకు వీలు కలిగింది.

పేరులో ఉన్నది ఒక లెక్క. హీబ్రూలో ప్రతి అక్షరానికీ సంఖ్యా విలువ ఉంటుంది. కటపయాది పద్ధతిలో అక్షరాలతో అంకెలు చెప్పిన మన శాస్త్రకారుల సంప్రదాయాన్ని ఇది తలపిస్తుంది. 'లామెద్' అక్షరం విలువ 30, 'గిమెల్' విలువ 3. రెండూ కలిస్తే 'లాగ్', అంటే ముప్పై మూడు. 'ఓమెర్' అంటే కోసిన పైరు పన. జెరూసలేములో దేవాలయం ఉన్న కాలంలో పస్కా పండుగ రెండో రోజున యవల తొలి పంటను అక్కడ సమర్పించేవారు. ఆనాటి నుంచి నలభై తొమ్మిది రోజులు లెక్కపెట్టి, యాభైయవ రోజున వారాల పండుగ జరుపుకొనేవారు. క్రీస్తు శకం 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని నేలమట్టం చేశారు. సమర్పణ ఆగిపోయింది కానీ లెక్క ఆగలేదు. నేటికీ ఆచారపరులైన యూదులు రాత్రి ప్రార్థన వేళ ఆనాటి సంఖ్యను పైకి ఉచ్చరిస్తారు. ఆ లెక్కలో ముప్పై మూడో రోజు లాగ్ బావోమెర్.

హీబ్రూ పంచాంగం ప్రకారం ఇది ఇయ్యార్ మాసం 18వ తేదీ. చాంద్రమానాన్ని సౌరమానంతో సరిపెట్టడానికి యూదులు పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు కలుపుతారు. అందువల్ల ఇంగ్లిష్ తేదీ ఏటా జరుగుతూ ఉంటుంది. 2026లో ఇది మే 5న, 2027లో మే 25న వస్తుంది. మన లెక్కలో చూస్తే ఎక్కువ సంవత్సరాలు వైశాఖ బహుళ పక్షం తొలి రోజుల్లో పడుతుంది. యూదులకు దినం సూర్యాస్తమయంతో ఆరంభమవుతుంది కనుక నెగళ్లు ముందు రోజు సాయంత్రమే వెలుగుతాయి.

లెక్కించే ఈ ఏడు వారాలూ సంతోషానివి కావు. వాటిలో ఎక్కువ రోజులు వివాహాలు చేయరు, జుట్టు కత్తిరించుకోరు, సంగీతం వినరు. మూఢం వచ్చినప్పుడు తెలుగునాట కల్యాణ మండపాలు బోసిపోయినట్లే అక్కడి వేడుక మందిరాలూ ఖాళీగా ఉంటాయి. అయితే ఇక్కడి కారణం గ్రహగతి కాదు, ఒక మరణ వార్త. రెండో శతాబ్దపు మహా పండితుడు రబ్బీ అకీవాకు పన్నెండు వేల జంటల శిష్యులు, అంటే ఇరవై నాలుగు వేల మంది ఉండేవారనీ, వారంతా పస్కాకూ వారాల పండుగకూ నడుమ మరణించారనీ తాల్ముద్ చెబుతుంది. కారణం కూడా చెబుతుంది. వారు ఒకరినొకరు గౌరవించుకోలేదట. చదువులో కాదు, సాటివారి పట్ల మర్యాదలో వచ్చిన లోపానికి ఇంతటి శిక్ష పడిందని చెప్పడంలో ఆ గ్రంథకర్తల దృష్టి తెలుస్తుంది. ముప్పై మూడో రోజున ఆ మరణాలు ఆగాయన్న మాట మాత్రం తాల్ముద్‌లో లేదు. అది మధ్యయుగపు పండితుల రచనల్లో కనిపించే సంప్రదాయం. ఆ రోజుకు సంతాపం సడలుతుంది. ఐరోపా మూలాలున్న యూదులలో చాలామంది ఆనాడే పెళ్లిళ్లు జరుపుకొంటారు. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా సంప్రదాయాలవారు మరొక రోజు ఆగుతారు.

శిష్యుల మరణానికి కొందరు చరిత్రకారులు మరో వివరణ ఇస్తారు. 132 నుంచి 135 వరకు రోమ్ సామ్రాజ్యంపై యూదయలో బార్ కోఖ్బా నాయకత్వాన పెద్ద తిరుగుబాటు జరిగింది. అకీవా ఆ నాయకుణ్ణి సమర్థించారు. శిష్యులు బహుశా ఆ యుద్ధంలోనే నేలకొరిగి ఉంటారనీ, రోమన్ల పాలనలో ఆ సంగతి నేరుగా రాయలేక దానిని మరోలా చెప్పి ఉంటారనీ వారి ఊహ. ఇరవయ్యో శతాబ్దంలో యూదు జాతీయవాదులకు ఈ కథ బాగా పనికివచ్చింది. సంతాప దినాల నడుమ వచ్చే విరామం వీరుల దినమైంది. పిల్లల చేతికి విల్లంబులు వచ్చాయి. పాలస్తీనాలోని యూదుల సాయుధ దళం పల్మాఖ్ ఏర్పడిన 1941 మే 15 కూడా లాగ్ బావోమెర్ దినమే.

నెగడుకు అసలు ఇంధనం మాత్రం అకీవా శిష్యపరంపరలో మిగిలిన ఒక వ్యక్తి కథ. ఆయన రబ్బీ షిమోన్ బార్ యోఖాయ్. రోమన్లు బజార్లు, స్నానశాలలు, వంతెనలు కట్టించారని ఒకరు మెచ్చుకోగా, అవన్నీ వారు తమ కోసం కట్టుకున్నవేనని షిమోన్ అన్నారట. ఆ మాట పాలకుల చెవిన పడింది. మరణశిక్ష ఖాయమైంది. షిమోన్ తన కుమారుడు ఎలియాజరుతో కలిసి ఒక గుహలో దాక్కున్నారు. ఆ గుహ వద్ద ఒక కారబ్ చెట్టు మొలిచిందనీ, ఒక ఊట పుట్టిందనీ, వాటి ఆధారంతో తండ్రీకొడుకులు పన్నెండేళ్లు గడిపారనీ తాల్ముద్ కథనం. వస్త్రాలు చిరిగిపోకుండా విప్పి పక్కన పెట్టి, మెడ వరకు ఇసుకలో కూరుకొని రోజంతా అధ్యయనం చేసేవారట.

ఆ తర్వాతి ఘట్టమే ఈ కథకు ప్రాణం. చక్రవర్తి మరణించాడని తెలిసి వారు బయటికి వచ్చారు. పొలంలో దున్నుతున్న, విత్తుతున్న మనుషులు కనిపించారు. శాశ్వతమైన జ్ఞానాన్ని వదిలి క్షణికమైన జీవితానికి అంకితమయ్యారేమిటని వారికి కోపం వచ్చింది. వారు చూసిన చోటల్లా మంటలు లేచి కాలిపోయింది. అప్పుడు ఆకాశవాణి వినిపించింది. నా లోకాన్ని నాశనం చేయడానికి వచ్చారా, తిరిగి గుహకే పొండి అన్నది దాని సారాంశం. మరో పన్నెండు నెలలు గుహలో గడిపి వచ్చాక, విశ్రాంతి దినాన్ని స్వాగతించడానికి సుగంధపు కొమ్మల కట్టలు రెండు పట్టుకొని పరుగెత్తుతున్న ఒక వృద్ధుణ్ణి చూసి వారి మనసు శాంతించింది. కంటి చూపుతో పొలాలను తగలబెట్టిన జ్ఞాని పేరిట నేడు పిల్లలు బంగాళాదుంపలు కాల్చుకుంటున్నారన్న సంగతి ముచ్చటగానే ఉంటుంది.

యూదు మార్మిక చింతనకు మూలగ్రంథమైన 'జోహర్' షిమోన్ బోధల సంకలనమని ఆచారపరుల విశ్వాసం. పదమూడో శతాబ్దపు స్పెయిన్‌లో మోషే దె లియోన్ దానిని రచించారని గెర్షోమ్ షోలెమ్ వంటి ఆధునిక పరిశోధకులు నిర్ధారించారు. విశ్వాసుల దృష్టిలో షిమోన్ తన మరణ దినాన శిష్యులకు అతి గుహ్యమైన రహస్యాలు వెల్లడించారు. ఆ సమయంలో ఇల్లంతా దగ్గరకు పోలేనంత అగ్నితో, తేజస్సుతో నిండిపోయిందని జోహర్ వర్ణిస్తుంది. నెగడు ఆ తేజస్సుకు ప్రతీక. వర్ధంతి రోజున ఏడవడం లేదెందుకంటే, దానిని వారు 'హిల్లులా' అంటారు. ఆ మాటకు పెళ్లి వేడుక అని అర్థం. ఆత్మ పరమాత్మను చేరుకున్న శుభదినం అన్నమాట. అజ్మీరు నుంచి కడప వరకు దర్గాలలో జరిగే ఉర్సు ఉత్సవం పేరుకు కూడా అరబ్బీలో పెళ్లి అనే అర్థం. రెండు మతాలలోనూ మహనీయుని మరణం ఒకే పోలికను తెచ్చుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. షిమోన్ ఆ రోజునే మరణించారని పాత గ్రంథాలేవీ చెప్పవు. పదహారో శతాబ్దంలో సఫేద్ పట్టణంలోని మార్మికుల రచనల్లో ఈ రోజును ఆయన 'ఆనంద దినం' అని పేర్కొన్నారనీ, ప్రతులు ఎత్తిరాసేటప్పుడో అచ్చువేసేటప్పుడో ఆ హీబ్రూ మాటలో అక్షరం జారిపోయి 'మరణించిన దినం' అయిందనీ పరిశోధకులు చూపించారు. ఒక అక్షర దోషం మీద ఇంత పెద్ద యాత్ర నిలబడిందా అన్న ప్రశ్నకు భక్తులు కలవరపడరు. తేదీ ఏదైనా సమాధి అక్కడే ఉంది కదా అన్నది వారి భావన.

ఆ సమాధి ఉత్తర ఇజ్రాయెల్‌లో, గలిలయ ఎగువ ప్రాంతంలోని మెరోన్ కొండ వాలున ఉంది. సఫేద్ నుంచి అక్కడికి తోరా గ్రంథపు చుట్టను ఊరేగింపుగా తీసుకువెళ్లడం పందొమ్మిదో శతాబ్దం నుంచి ఆనవాయితీ. సమాధి మందిరం పైకప్పు మీద తొలి నెగడు వెలిగించే హక్కు బోయాన్ అనే హసీదీ గురు పరంపరది. గుడ్డలను ఆలివ్ నూనెలో ముంచి లోహపు తొట్టిలో వేసి అంటిస్తారు. మంట ఎగిసిన క్షణాన కింద ప్రాంగణంలోని వేలాది మంది చేయీ చేయీ పట్టుకొని పాడుతూ ఊగుతారు. స్త్రీ పురుషులకు వేర్వేరు ప్రాంగణాలు. వచ్చినవారికి ఉచితంగా పానీయాలు పంచిపెట్టడం ఒక మొక్కు. సంతానం కోసం, ఆరోగ్యం కోసం ఆ మొక్కు మొక్కుకుంటారు.

పగటిపూట అక్కడ కనిపించే దృశ్యం తిరుమల కల్యాణకట్టను గుర్తుకు తెస్తుంది. మూడేళ్లు నిండిన మగపిల్లలకు ఆనాడు పుట్టు వెంట్రుకలు తీయిస్తారు. నాటిన చెట్టు ఫలాలను మొదటి మూడేళ్లు తినరాదన్న ధర్మశాస్త్ర నియమాన్ని పిల్లవాడికి అన్వయించి చెబుతారు. తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్లవాడి జుట్టులో బంధువులు, పెద్దలు తలా ఒక కుచ్చు కత్తిరిస్తారు. పూర్తిగా గుండు చేయరు. చెవుల ముందరి పాయలను వదిలేస్తారు. ఆ రోజు నుంచి పిల్లవాడికి అక్షరాలు నేర్పడం మొదలవుతుంది.

ఈ వేడుకను మతపెద్దలందరూ హర్షించలేదు. అద్భుతమేదీ జరగని దినాన్ని కొత్తగా పండుగ చేయడమేమిటని పందొమ్మిదో శతాబ్దపు ప్రముఖ ధర్మశాస్త్రవేత్త మోషే సోఫెర్ సందేహం వెలిబుచ్చారు. మెరోన్‌లో మంచి బట్టలను మంటలో వేసే ఆచారాన్ని ల్వీవ్ నగరపు రబ్బీ యోసెఫ్ షావుల్ నాథన్సన్ తప్పుపట్టారు. ఉపయోగపడే వస్తువును వృథాగా ధ్వంసం చేయరాదన్నది యూదు ధర్మంలో ఉన్న నియమమే. పండితుల ఆక్షేపణలు ఎలా ఉన్నా జనం మాత్రం కొండకు రావడం మానలేదు.

జనం రావడమే చివరికి పెద్ద సమస్యగా పరిణమించింది. మెరోన్ ఇరుకైన చోటు. రాళ్ల కట్టడం, వాలు నేల, దానికి కాలక్రమాన చేర్చిన మెట్లు, వేదికలు, గ్యాలరీలు, తాత్కాలిక నడవాలు. 1911లోనే ఇదే ఉత్సవంలో పిట్టగోడ కూలి 11 మంది చనిపోయారు. స్థల నిర్వహణ పలు మత ధర్మకర్తృత్వ సంస్థల చేతుల్లో ఉండేది. వారి మధ్య వివాదాలు, కోర్టు వ్యాజ్యాలు. అనుమతి లేని కట్టడాలను ఎవరూ తొలగించలేదు. ఈ స్థలం ఇంత జనాన్ని భరించదని ఇజ్రాయెల్ ప్రభుత్వ లెక్కల తనిఖీ అధికారి 2008లో ఒకసారి, 2011లో మరోసారి నివేదికలిచ్చి హెచ్చరించారు.

2021 ఏప్రిల్ 29 రాత్రి దాదాపు లక్ష మంది అక్కడ చేరారు. కరోనా కారణంగా ముందటి ఏడాది ఉత్సవం దాదాపు జరగలేదు కనుక ఉత్సాహం రెట్టింపుగా ఉంది. అర్ధరాత్రి దాటాక ఒక ప్రాంగణం నుంచి జనం బయటికి వెళ్లే దారి కిక్కిరిసింది. అది ఇరువైపులా రేకు గోడలున్న ఇరుకు వాలు దారి. కింద లోహపు పలకల నేల తడిసి జారుతోంది. చివర మెట్లు. ముందు నడిచిన వారు జారి పడ్డారు. వెనుకవారికి ఆ సంగతి తెలియదు. వారు నడుస్తూనే ఉన్నారు. వారి వెనుక ఇంకా వేల మంది. నిమిషాల వ్యవధిలో మనుషుల మీద మనుషులు పడ్డారు. 45 మంది పురుషులు, బాలురు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. సుమారు 150 మంది గాయపడ్డారు. శాంతికాలంలో ఆ దేశం చూసిన అతి పెద్ద పౌర విషాదం అది. 2015 గోదావరి పుష్కరాల తొలి రోజు రాజమహేంద్రవరంలో ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాట తెలిసినవారికి ఈ వరుస అపరిచితం కాదు. జనసమ్మర్దంలో చంపేది సాధారణంగా భయం కాదు, దారి. ఎంతమంది లోపలికి వస్తారో, ఏ వెడల్పు నుంచి బయటికి పోతారో ముందే లెక్క వేయని దారి.

ఆ ఏడాది ఏర్పడిన కొత్త ప్రభుత్వం న్యాయ విచారణ కమిషన్‌ను నియమించింది. సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షురాలు మిరియం నవోర్ దానికి సారథ్యం వహించారు. 2022 జనవరిలో ఆమె మరణించడంతో మాజీ న్యాయమూర్తి ద్వోరా బెర్లినెర్ ఆ బాధ్యత స్వీకరించారు. 2024 మార్చిలో వెలువడిన నివేదిక ప్రధానమంత్రి బెంజమిన్ నెతన్యాహు వ్యక్తిగత బాధ్యతను ఎత్తిచూపింది. మెరోన్‌లో ప్రమాదం పొంచి ఉందన్న సంగతి ఆయనకు తెలిసి ఉండాలని అనడానికి తగిన ఆధారాలున్నాయనీ, అయినా సరిదిద్దే చర్యలు చేపట్టలేదనీ పేర్కొంది. ఘటన నాటి అంతర్గత భద్రత మంత్రి, మతసేవల మంత్రి, పోలీసు అధిపతి కూడా బాధ్యులేనని తేల్చింది. ప్రధాని ఎన్నికైన నేత కనుక ఆయనపై చర్యను సిఫారసు చేయలేదు. కమిషన్ నియామకమే రాజకీయ ప్రేరితమని ఆయన పార్టీ విమర్శించింది. మృతుల కుటుంబాలకు మాత్రం, హెచ్చరిక కాగితం మీద ఉండి కూడా ఎవరి బాధ్యతా కాకుండా పోయిన పదమూడేళ్ల వైనం ఒక అధికారిక పత్రంలో నమోదైంది.

దుర్ఘటన తర్వాత పద్ధతులు మారాయి. ముందుగా టికెట్ తీసుకొని నిర్ణీత వేళకు వచ్చేవారినే అనుమతించారు. కొన్ని కట్టడాలను పడగొట్టారు. 2024లో వేరే అడ్డంకి వచ్చింది. కొండ లెబనాన్ సరిహద్దుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. హిజ్బుల్లా రాకెట్ల ముప్పు వల్ల సైన్యం ఆ ప్రాంతాన్ని మూసివేసి, కొద్దిమంది ప్రతినిధులతో లాంఛనంగా నెగడు వెలిగించనిచ్చింది.

నగరాల్లోని నెగళ్లపై అభ్యంతరం వేరు. ఆ ఒక్క రాత్రి గాలిలో సూక్ష్మ ధూళికణాలు విపరీతంగా పెరుగుతాయి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ కాల్చవద్దని పర్యావరణ శాఖ కోరుతుంది. విడివిడిగా వెలిగించే బదులు వాడకు ఒక నెగడు చాలునని పురపాలికలు నచ్చజెబుతాయి. 2019లో పండుగ వేళ తీవ్రమైన వడగాలులు వీచాయి. బహిరంగ మంటలను అధికారులు నిషేధించారు. అయినా మే 23న దేశంలో పలుచోట్ల కార్చిచ్చులు రేగి, మెవో మోదియిమ్ అనే చిన్న గ్రామం దాదాపు పూర్తిగా కాలిపోయింది. పండుగ ఆదివారం వచ్చిన ఏడాది మరో చర్చ. శనివారం విశ్రాంతి దినం ముగియకముందే మంటకు సన్నాహాలు మొదలవుతాయన్న ఆందోళనతో ఉత్సవాన్ని ఒక రోజు వాయిదా వేయాలని ప్రధాన రబ్బీల కార్యాలయం సూచిస్తూ ఉంటుంది.

ఇజ్రాయెల్ బయట ఈ రోజుకు పేరుపడిన యాత్ర ట్యునీసియాలోని జెర్బా ద్వీపంలో జరుగుతుంది. అక్కడి అల్ గ్రీబా ప్రార్థనా మందిరానికి వచ్చేవారు కొవ్వొత్తులు వెలిగిస్తారు. కోడిగుడ్ల మీద కోరికలు రాసి నేలమాళిగలో ఉంచుతారు. పెళ్లి కావలసిన అమ్మాయిల పేర్లే వాటిలో ఎక్కువ. ఎందరో ముస్లిం ఇరుగుపొరుగువారు ఆ వేడుకలో పాలుపంచుకుంటారు. 2002 ఏప్రిల్‌లో ఆ మందిరం వద్ద ఉగ్రవాదుల బాంబు దాడి జరిగింది. 2023 మే 9న యాత్ర ముగుస్తున్న వేళ భద్రతా దళానికే చెందిన ఒకరు జరిపిన కాల్పుల్లో ఇద్దరు యాత్రికులు, భద్రతా సిబ్బంది మరణించారు. మరుసటి ఏడాది యాత్రను బాగా కుదించారు.

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న వేలాది భారతీయులలో కేరళవారితో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఆ రాత్రి పెద్దవారి గది కిటికీలను బిగించడం, తలుపు సందులలో తడిగుడ్డ పెట్టడం, ఉబ్బసం మందును చేతికి అందేలా ఉంచడం వారి పనే. కింద వీధిలో పిల్లలు నిప్పుల్లోంచి బంగాళాదుంపలను కర్రతో దొర్లిస్తూ ఉంటారు.